పురిటింటి చరిత్ర: తెలుగు వాఙ్మయంలో పసికందు, బాలింత, మంత్రసాని

తెలుగు సాహిత్య విమర్శ శిశువును ప్రధానంగా వాత్సల్యం కిందనే చర్చించింది. అన్నమాచార్యుల జోల సంకీర్తనలను, పోతన దశమస్కంధంలోని బాలకృష్ణుని, త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోని లాలిని ఆ దృష్టితోనే పరిశీలించారు. దానివల్ల వచ్చిన ఫలితం తక్కువేమీ కాదు. కానీ ఆ చర్చలో ఊయలలోని బిడ్డ కనిపించినంతగా ఊయల ఊపే చెయ్యి కనిపించదు. ఆ చెయ్యి ఎన్ని రాత్రులు ఊపింది, ఆ బిడ్డ బతుకుతాడని ఎంత నమ్మకంతో ఊపింది అన్న ప్రశ్నలు సామాజిక చరిత్రకు సంబంధించినవిగా పక్కన ఉండిపోయాయి. పురిటింటి సంతోషాన్నీ భయాన్నీ వేరుచేసి చదవడం సాధ్యం కాదని సాహిత్య ఆధారాలే చెబుతున్నాయి. వాటిలో కొన్నింటిని ఒకచోట చేర్చి, పురిటింటిని గురించి మాట్లాడే అధికారం కాలక్రమంలో ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దశమస్కంధంలో నందుని ఇంట జరిగిన మొదటి సంఘటనలను వరుసగా చూస్తే అవి ఒక పసిబిడ్డ తొలి నెలల పంచాంగంలా ఉంటాయి. పుట్టుక వేడుక అయిన కొద్దిరోజులకే పూతన వస్తుంది. అందమైన స్త్రీగా వచ్చి, బిడ్డను ఎత్తుకొని, విషపు పాలు ఇస్తుంది. ఈ కథను భక్తిపరంగా వ్యాఖ్యానించిన గ్రంథాలు చాలా ఉన్నాయి. వైద్యపరంగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం పసిబిడ్డలను పీడించే 9 బాలగ్రహాలను చెప్పింది. స్కందగ్రహం, స్కందాపస్మారం, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషం. అంటే పూతన ఒక రాక్షసి పేరు మాత్రమే కాదు, పసిబిడ్డల రోగానికి పెట్టిన పేరు కూడా. శకుని అంటే పక్షి. తెలుగునాట నేటికీ వాడుకలో ఉన్న ‘పక్షిదోషం’ అనే మాటకూ ఈ శకునీగ్రహానికీ సంబంధం ఉండే అవకాశం బలంగా ఉంది.

పూతన చనిపోయాక గోపికలు చేసిన పని గమనించదగింది. జయజయధ్వానాలకన్నా ముందు వారు బిడ్డకు రక్ష పెడతారు. ఆవుతోక తిప్పి, గోధూళి అలది, ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క భగవన్నామం చెప్పి కాపు కడతారు. ఆ తరువాతనే తల్లి పాలిచ్చి పడుకోబెడుతుంది. లోకాలను కాచేవాడికి ఆవుతోకతో కాపు పెట్టడంలోని చమత్కారాన్ని భక్తులు ఆస్వాదించారు. ఆ చమత్కారం కిందనే, దిష్టిచుక్క పెట్టకుండా బిడ్డను గడప దాటించని ఇంటి ఆనవాలు కూడా ఉంది.

తరువాతి ఘట్టం శకటాసురుడిది. బిడ్డ బోర్లపడిన వేడుక రోజది. బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే తెలుగింటికి ఆ సందర్భాన్ని వివరించి చెప్పనక్కరలేదు. యశోద బిడ్డకు స్నానం చేయించి, నిద్రపుచ్చి, బండి కింద పడుకోబెట్టి, వచ్చినవారికి మర్యాదలు చేయడంలో మునిగిపోతుంది. పాలకోసం ఏడ్చిన ఏడుపు ఆమెకు వినబడదు. బిడ్డ కాలు తగిలి బండి తలకిందులవుతుంది. రాక్షస సంహారం సంగతి అలా ఉంచితే, ఇంటినిండా చుట్టాలుండగా బిడ్డ ఏడుపు వినబడని తల్లి అపరాధభావం ఈ కథకు ఇరుసు. మూలంలోనే ఉన్న ఈ ఘట్టం తెలుగు శ్రోతలకు ఎందుకంత సొంతమైందో ఊహించడం కష్టం కాదు.

పురాణ కవి గడప దగ్గర ఆగిపోతాడు. పురిటిగది తలుపు తెరిచినవి స్త్రీల పాటలే. నందిరాజు చెలపతిరావు, కృష్ణశ్రీ వంటివారి సంకలనాలు, బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ఈ సంపదను అధ్యయనానికి అందించాయి. స్త్రీల రామాయణ గేయాల్లో కౌసల్య వేవిళ్లకూ కాన్పుకూ దక్కిన విస్తృతి వాల్మీకంలో లేదు. 1991లో ప్రచురితమైన వ్యాసంలో వెల్చేరు నారాయణరావు ఈ తేడాను ఎత్తిచూపి, ఆ పాటలకు స్త్రీల శరీరానుభవమే కేంద్రమని నిరూపించారు. ఆయన చర్చించిన కాన్పు పాటలో మంత్రసానికి కబురు వెళుతుంది. ఆమె రాజఠీవితో నడిచి వస్తుంది. కౌసల్య వీపు తట్టి ధైర్యం చెబుతుంది. చుట్టూ ఉన్న స్త్రీలు రాణి ఒంటిమీది బరువైన నగలు తీసేస్తారు. దూలానికి తాళ్లు కట్టి ఆమె చేతికిస్తారు. నొప్పి భరించలేనని కౌసల్య మొరపెట్టుకుంటుంది.

ఇందులో రెండు విశేషాలు ఉన్నాయి. నగలు తీసేయడంతో రాణి సామాన్య స్త్రీ అవుతుంది. అదే సమయంలో రాజఠీవి మంత్రసానికి చేరుతుంది. ఆ గదిలో ఆ కాసేపు అధికారం ఆమెది. ఈ పాటలను పాడినవారు ప్రధానంగా అగ్రవర్ణ స్త్రీలు. మంత్రసానులు ఎక్కువగా ఇతర కులాలవారు. బయట అంటరాని చెయ్యి లోపల బిడ్డను అందుకునే మొదటి చెయ్యి అయింది. ఆమెకు పాటలో దక్కిన గౌరవం కాన్పు అయ్యాక ఇంట్లో కూడా దక్కిందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

పురుడు అంటే పది రోజుల మైల. బాలింతను వేరుగా ఉంచడాన్ని సంస్కర్తలు మూఢాచారంగానే చూశారు. గాలి వెలుతురు లేని గది, నీటిమీద కూడా ఆంక్ష పెట్టే పథ్యం చేసిన కీడు నిజమే. అయితే ఆ పది రోజులూ వంటింటి పని ముట్టుకోనవసరం లేని పది రోజులు కూడా. కాయం ముద్దలు, వేన్నీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, కాళ్లమీద బోర్లా వేసుకొని బిడ్డకు ఆముదం రాసే పెద్దావిడ, ఉగ్గుగిన్నె, వసకొమ్ము ఇవన్నీ కలిసిన ఏర్పాటు బాలింతకు ఒక ఆసరా. ఉగ్గుపాలతో అబ్బిన విద్య, వస పోసినట్లు మాట్లాడటం వంటి నుడికారాలు ఆ గదిలోంచే భాషలోకి వచ్చాయి. ఆ ఆసరా కూడా అందరికీ లేదు. కూలికి పోయే తల్లి చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి నాట్లు వేసింది. ఆమెకు మైల పాటించేంత తీరికే లేదు. జోలపాటను శ్రమగేయాల నుంచి విడదీసి వర్గీకరించే అలవాటును ఈ చీర ఉయ్యాల ముందు పునరాలోచించాలి. ఊపు, లయ, పునరావృత్తి, అలసట ఈ నాలుగూ దంపుళ్ల పాటలో ఉన్నట్టే జోలలోనూ ఉన్నాయి.

శిశుమరణానికి తెలుగువారు రాసిపెట్టుకున్న దస్తావేజు వేరే ఉంది. అది వారి పేర్లలో ఉంది. వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో పుట్టిన పసికందును పెంటమీద పెట్టి తెచ్చుకొని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచారు. తవుడుకు అమ్మినట్టు చేసి తిరిగి తీసుకొని తవిటయ్య, తవిటమ్మ అన్నారు. తవిటినాయుడు వంటి పేర్లు ఉత్తరాంధ్రలో నేటికీ వినబడతాయి. ముద్దుబిడ్డ అని తెలిస్తే మృత్యువు కన్ను పడుతుందన్న భయంతో ప్రేమను దాచుకున్న పేర్లివి. జనన మరణాల నమోదుకు మద్రాసు ప్రభుత్వం 1899లో చట్టం చేసింది. ఆ రిజిస్టర్లలో పోయిన బిడ్డ ఒక అంకె. బతికిన తమ్ముడి పేరులో ఆ అన్న జీవితాంతం ఉండిపోయాడు.

ముద్రణ, ఆసుపత్రి వచ్చాక పురిటింటి భాష మారింది. మద్రాసు ప్రసూతి వైద్యశాల 1844 నాటిది. లేడీ డఫరిన్ నిధి 1885లో ఏర్పడింది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా సారా కుగ్లర్ కృషితో అక్కడ 1898లో ఆసుపత్రి వెలిసింది. మంత్రసానులకు శిక్షణనిచ్చేందుకు 1903లో విక్టోరియా స్మారక నిధి మొదలైంది. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ నుంచి 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి స్థాపించిన ‘గృహలక్ష్మి’ వరకు స్త్రీల పత్రికలు తల్లిని చదువుకోవలసిన పాఠకురాలిగా సంబోధించాయి. ఈ కొత్త ఉపన్యాసంలో మంత్రసాని అజ్ఞానానికి మారుపేరైంది. ఆ నింద పూర్తిగా అన్యాయం అనలేం. శుభ్రపరచని కొడవలితోనో కత్తితోనో బొడ్డు కోయడం ధనుర్వాతానికి దారి. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 162 మంది ఏడాది నిండకుండానే పోయారు. అదే ఏడాది ఇంగ్లండు, వేల్సులలో ఆ సంఖ్య 58. కానీ పేదరికం, బాల్యవివాహం, ఆకలి చేసిన హత్యలను కూడా ఒక్క మంత్రసాని ఖాతాలో రాయడం సంస్కరణవాదానికి సులువైంది. పాటలో రాజఠీవితో వచ్చిన స్త్రీ వచనంలో ముద్దాయిగా నిలబడింది.

ఈ మార్పును ఒకే కుటుంబంలోని ఇద్దరు అచ్చమాంబల జీవితాల్లో చూడవచ్చు. భండారు అచ్చమాంబ (1874–1905) తన బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి. అనాథ పిల్లలను చేరదీసి పెంచింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజ స్థాపనలో పాలుపంచుకొంది. సచ్చరిత్ర రచనకు పూనుకొన్న ఈమెను విమర్శకులు చరిత్రకారిణిగా, తొలి కథకురాలిగా అంచనా వేశారు. ఆమె పోగొట్టుకొన్న బిడ్డలు జీవిత చరిత్రల్లో ఒక వాక్యంగా మిగిలారు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన కూతురికి అక్క పేరు పెట్టుకున్నాడు. ఆ మేనకోడలు, డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964), మద్రాసులో వైద్యం చదివి, విజయవాడలో ప్రసూతి వైద్యురాలై, 1957లో అక్కడినుంచే లోక్‌సభకు ఎన్నికైంది. ‘ప్రసూతి – శిశుపోషణ’ అనే తెలుగు గ్రంథం రాసింది. సాహిత్య చరిత్రలు ఈ గ్రంథాన్ని వైద్యం కింద వదిలేశాయి. పురిటింటిని గురించి తెలుగులో ఒక స్త్రీ, వైద్యురాలి అధికారంతో, సంతకం చేసి రాసిన వచనంగా దానిని స్త్రీల పాటల పక్కన పెట్టి చదవవలసి ఉంది.

బొడ్డు కోతతో వచ్చే ధనుర్వాతాన్ని అదుపుచేసినట్టు ఆంధ్రప్రదేశ్‌కు 2003లో గుర్తింపు వచ్చింది. దేశమంతటికీ 2015లో వచ్చింది. బాలింత విశ్రాంతి సంగతి అంత వేగంగా సాగలేదు. 1934లో మద్రాసు ప్రసూతి సదుపాయ చట్టం ఫ్యాక్టరీ స్త్రీలకు వర్తించింది. 1961 నాటి కేంద్ర చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణ దానిని 26 వారాలు చేసింది. ఆ వారాల లెక్క హాజరుపట్టీ ఉన్నచోటే చెల్లుతుంది. చీర ఉయ్యాల కట్టిన చెట్టు కింద హాజరుపట్టీ లేదు.