ఆహారపు గొలుసు: ఒక పారిభాషిక పదం, దాని వాడుక

'ఫుడ్ చెయిన్' అన్నమాట తెలుగువాళ్ల నోట ఇవాళ కనీసం మూడు అర్థాల్లో తిరుగుతోంది. నగర వ్యాపారికి అది ఒకే పేరుతో పలుచోట్ల నడిచే హోటళ్ల వరుస. పత్రికా రచనలో, ప్రసంగాల్లో అది పెత్తనపు నిచ్చెన: పైమెట్టున బలవంతుడు, అట్టడుగున బక్కజీవి. బడి పుస్తకంలో మాత్రం గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. మొదటి అర్థంతో ఎవరికీ తికమక లేదు. చిక్కల్లా రెండోది మూడోదానిలోకి చొరబడడంతోనే.

నిజానికి రెండో అర్థానికి మనకు వేరే పేరే ఉంది: మాత్స్యన్యాయం. దండనీతి లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడని చెప్పడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వాడిన ఉపమానమది. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ కూడా 1927లో వెలువరించిన 'యానిమల్ ఎకాలజీ'లో ఆహారపు గొలుసును వివరిస్తూ పెద్ద చేప, చిన్న చేపల చైనా సామెతనే ముందు పెట్టుకున్నాడు. తేడా ఏమిటంటే, ఆ సామెత చేపల దగ్గర ఆగదు. నీటిపురుగుల మీదుగా మొక్కల దాకా, బురద దాకా దిగుతుంది. మాత్స్యన్యాయంలో మొక్కకు చోటు లేదు. పర్యావరణ శాస్త్రంలో మొక్కే మొదలు. ఎవరు ఎవరికంటే గొప్ప అన్న ప్రశ్న ఎల్టన్‌ది కాదు; ఎవరి తిండి ఎక్కణ్ణుంచి వస్తోంది, ఏ మెట్టులో ఎన్ని ప్రాణులు బతకగలవు అన్నది ఆయన ప్రశ్న. గొలుసులన్నీ కలిసిన అల్లికకు ఆయన పెట్టిన పేరు 'ఫుడ్ సైకిల్'. ఇప్పుడు మనం ఆహార జాలకం అంటున్నది దాన్నే.

'గొలుసు' అనగానే మనకు మెడలో నగో, కాలికి సంకెలో తోస్తుంది. రెండింటిలోనూ కడియాలన్నీ ఒకే కొలత. ఈ పదం అక్కడే దారి తప్పిస్తుంది. అయితే తెలుగులో మరో గొలుసు ఉంది: కాకతీయుల కాలం నుంచి పేరుపడ్డ గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి అలుగు పోస్తేనే దిగువ చెరువుకు నీరు. దారిలో పొలాలు తాగేది, ఇంకేది, ఆవిరయ్యేది పోగా మిగిలిందే కిందికి చేరుతుంది. శక్తి ప్రవాహమూ ఇంతే. పర్యావరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ అమెరికాలో ఒక చిన్న సరస్సును పరిశీలించి రాసిన 1942 నాటి వ్యాసం (అది అచ్చయ్యేనాటికి ఆయన లేరు) ఆహార సంబంధాలను శక్తి లెక్కగా మార్చింది. ఒక మెట్టులోని శక్తిలో తర్వాతి మెట్టుకు చేరేది 'పది శాతం' అని మన పుస్తకాల్లో కనిపించే లెక్క ఒక ఉజ్జాయింపు మాత్రమే. దాన్ని నియమమని బట్టీపట్టించడం అనవసరం.

ఈ పోలికలో గడ్డి ఎగువ చెరువు. గద్ద శిఖరాన కూర్చున్న రాజు కాదు, ఆయకట్టు చివరి రైతు. పైన ఏం జరిగినా ముందు ఎండేది అతని మడే.

రాబందు కథ దీనికి సాక్ష్యం. మన రాజకీయ భాషలో 'రాబందు' దోపిడీదారుకు తిట్టు. అసలు రాబందు చచ్చిన పశువును తిని ఊరు శుభ్రం చేసే పక్షి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. మన దేశంలో మూడు రాబందు జాతులు తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. రాబందును వేటాడినవారెవరూ లేరు; దాని పళ్లెంలోకి వచ్చిందే దాన్ని చంపింది. తెలంగాణలో పొడవు ముక్కు రాబందుల గూళ్లకు పేరుపడ్డది ఆసిఫాబాద్ అడవుల్లోని పాలరాపు గుట్ట.

ఇక బడి పుస్తకంలో ఆహారపు గొలుసు బొమ్మలోని బాణం. అది తినే ప్రాణి వైపు చూపుతుంది. పిల్లలు చాలామంది తిరగేసి గీస్తారు. 'తింటుంది' అన్నమాట తినేదాని నుంచి బయల్దేరుతుందన్న ఊహే కారణం. కానీ తెలుగు వాక్యానికి కర్మను ముందు నిలపడం సహజం: గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. ఇలా చదివితే బాణం, వాక్యం ఒకే దిక్కుకు సాగుతాయి. ఇంత సదుపాయం చేతిలో ఉంచుకుని మనం దాన్ని వాడుకోవడం లేదు. వచ్చే ముద్రణలోనైనా ప్రతి బాణం కింద 'ని' గానీ 'ను' గానీ ఒక్క అక్షరం వేయించమని పాఠ్యపుస్తక సంపాదకులకు మనవి.