కృష్ణ ఒడ్డున మన అడుగులు – హుజూర్‌నగర్ చుట్టూ చూడాల్సిన జాగాలు, చేయాల్సిన పని



సెలవులు వస్తున్నయంటే వేరే జిల్లాల దోస్తులు "హుజూర్‌నగర్ దిక్కు చూడనీకి ఏమున్నయి?" అని అడుగుతుంటరు. మేము ఇక్కడి తండాల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాకు తెలిసినంతలో, చూసినంతలో రాస్తున్నం. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

ముందే ఒక మాట చెప్తం. ఈ ఒడ్డు గురించి ఏ టూరిజం పుస్తకం తెరిచినా రాజులు, గుళ్ళు, డ్యాము కనిపిస్తయి. తండా కనిపించదు. కానీ పెద్దోళ్ళను అడిగితే ప్రతి జాగాలో మనోళ్ళ ముచ్చట ఒకటి బయటికొస్తది. రాజుల చరిత్ర రాతి మీద ఉంది, మనది ముసలోళ్ళ నోట్లో ఉంది. రాయి వెయ్యేండ్లైనా ఉంటది. నోటి మాట అట్ల కాదు. అందుకే ఈ పోస్టులో చూసే జాగాల గురించి ఎంత రాసినమో, చేసే పని గురించి కూడా అంత రాసినం.

నది అంటే ఒకప్పుడు సరిహద్దు

హుజూర్‌నగర్ 2016 అక్టోబర్ 11 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. అంతకుముందు నల్లగొండ. ఇక్కడి నుంచి దక్షిణం దిక్కు పోతే పాలకవీడు, మఠంపల్లి, చింతలపాలెం మండలాలు దాటంగనే కృష్ణ. అవతలి ఒడ్డు పల్నాడు.

1788లో నిజాం గుంటూరు సీమను ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పిండు. అప్పటి నుంచి 1948 దాకా, అంటే 160 ఏండ్లు, ఈ నది రెండు ప్రభుత్వాల నడుమ గీత. ఇటు నిజాం, అటు ఇంగ్లీషోళ్ళు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసినంక ఆ గీత పోయింది.

ఆ కాలంలో కోస్తాకూ ఈ మెట్ట సీమకూ నడుమ సరుకు నడిపినోళ్ళు ఎవరు? మన లంబాడోళ్ళు ఎద్దుల మీద, ఎరుకలోళ్ళు గాడిదల మీద. ఇటు నుంచి ధాన్యం, పత్తి పోయేది, సముద్రం దిక్కు నుంచి ఉప్పు వచ్చేది. దీన్నే మన గోర్ బోలిలో లదేణి అంటం. తండా అంటే మొదట ఊరు కాదు, ఎద్దుల మంద వెంట నడిచే బిడారు. దానికి పెద్ద నాయక్. లంబాడా అనే పేరు లవణం నుంచి వచ్చిందని చెప్పేటోళ్ళు కూడా ఉన్నరు.

మరి ఆ బతుకు ఎట్ల పోయింది? 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు అమ్మకం కంపెనీ చేతిలోకి పోయింది. తర్వాత రోడ్లు, రైళ్ళు వచ్చినయి. 1889లో నిజాం రైలు బెజవాడ దాకా పోయింది. ఎద్దు నెలలో మోసేది రైలు ఒక్క పూటలో మోసింది. పని పోయిన తిరుగుడు జాతుల మీద ఇంకో దెబ్బ పడ్డది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చిండ్రు. పుట్టుకతోనే దొంగలని రాసిన ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఉప్పు మోసి అందరి కూరలో రుచి పెట్టినోళ్ళ మీద ఆ ముద్ర వేసిండ్రు. కృష్ణ ఒడ్డున నిలబడ్డప్పుడు ఇది యాదికి ఉంచుకోవాలె.

వాడపల్లి – మూసీ కలిసే చోటు

వాడపల్లి దామరచర్ల మండలంలో ఉంది, మిర్యాలగూడ మీదుగ పోవాలె. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడుమ నుంచి పారి వచ్చిన మూసీ ఇక్కడ కృష్ణలో కలుస్తది. సంగమం దగ్గర రెండు పాత గుళ్ళున్నయి: మీనాక్షి అగస్త్యేశ్వర స్వామి, లక్ష్మీనరసింహ స్వామి. నరసింహ స్వామి గుడిలో రెండు దీపాలు చూపిస్తరు. ముఖం దగ్గరిది స్వామి ఊపిరికి కదులుతదని, పాదాల దగ్గరిది కదలదని చెప్తరు.

అగస్త్యేశ్వరుడి గుడిలో చెప్పే కథ మాకు బాగా పట్టుకుంది. ఒక బోయ తరుముతుంటే పిట్ట వచ్చి శివుడి వెనక దాక్కుందట. "నా ఆకలి సంగతేంది?" అని బోయ అడిగితే, నా తల నుంచి మాంసం తీసుకో అన్నడట శివుడు. అతను తీసిన వేళ్ళ గుర్తులు లింగం మీద ఉన్నయని, ఆ గుంటలో నీళ్ళు ఎప్పటికీ ఎండవని చెప్తరు. పిట్టకు న్యాయం, వేటగాడి ఆకలికీ న్యాయం. ఆకలైనోణ్ణి దేవుడు కూడా కసరలేదు. కానీ ఆ వేటగాడికి కథలో పేరు లేదు. అతను ఉత్త "బోయ".

జాన్‌పహాడ్ – అందరి సైదులు

పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ప్రతి ఏడు జనవరిలో ఉర్సు జరుగుతది. ముస్లింలతో సమానంగ హిందువులు, తండాలోళ్ళు వస్తరు. మొక్కు తీరితే కందూరు చేస్తరు, అంటే అక్కడనే యాటను కోసి వండి పదిమందికి పెట్టుడు.

మన దిక్కు తండాల హాజరు పట్టీ చూడండి. సైదులు, సైదా, సైదమ్మ అనే పేర్లు ఎన్ని ఉంటయో లెక్క పెట్టండి. పిల్లలు కాకపోతేనో, పుట్టి బతకకపోతేనో ఇక్కడ మొక్కి ఆ పేరు పెట్టుకున్నరు. సైదా నాయక్ అనే ఒక్క పేరులో దర్గా, తండా రెండూ ఉన్నయి. మతం పేరు మీద కొట్లాడేటోళ్ళకు చూపించాల్సిన హాజరు పట్టీ అది.

మట్టపల్లి, మేళ్ళచెరువు

మట్టపల్లిలో లక్ష్మీనరసింహ స్వామి గుడి సరిగ్గ కృష్ణ ఒడ్డునే ఉంది. మొక్కుకున్నోళ్ళు 32 ప్రదక్షిణలు చేస్తరు. ఒడ్డు మీద కూర్చుంటే ఎదురుగ పల్నాడు కనిపిస్తది. మేళ్ళచెరువులో శంభులింగేశ్వర స్వామి గుడి ఉంది. శివరాత్రి జాతరకు బండలాగే ఎద్దుల పందేలు పెడతరు. ఒకప్పుడు ఎద్దే మనోళ్ళ ఆస్తి, బండి, బ్యాంకు. ఆ పందేలు చూస్తుంటే మన తాతలు ఎద్దుకు గవ్వలు కట్టి ఎందుకు అంత ముద్దు చేసిండ్రో తెలుస్తది.

దారి పొడుగునా సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు కనబడతయి. ఈ నేల కింద ఉన్నది ఆ రాయే. పట్నంల లేచే బిల్డింగులకు ఇక్కడి నేల కూడా పోతున్నది.

పులిచింతల – నీళ్ళ కింద ఊళ్ళు

ఇంకా కిందికి పోతే చింతలపాలెం మండలం దగ్గర పులిచింతల ప్రాజెక్టు. కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టిండ్రు. 2013 డిసెంబర్‌లో ప్రారంభమైంది. నిల్వ 45.77 టీఎంసీలు. ఈ నీళ్ళు ముఖ్యంగ కింద కృష్ణా డెల్టా పొలాలకు. మునిగింది మాత్రం ఇటు అడ్లూరు, చింత్రియాల, నెమలిపురి, వెల్లటూరు లాంటి ఊళ్ళు.

బ్యాక్‌వాటర్ చూడనీకి మస్తు అందంగ ఉంటది, పొద్దుగూకే యాళ్ళ ఫోటోలు బాగొస్తయి. తీయండి, తప్పు లేదు. కానీ ఫోటో కింద ఒక్క లైను రాయండి: ఈ నీళ్ళ కింద ఊళ్ళున్నయని, అక్కడ బొడ్రాయి, బడి, మామిడి చెట్టు ఉండేవని. పైసలు ఇచ్చి వేరే చోట ఇల్లు కట్టియ్యొచ్చు. తాతను పూడ్చిన జాగాను మోసుకపోలేం.

నాగార్జునసాగర్, నాగార్జునకొండ

ఇది అందరికీ తెలిసిన జాగనే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలింది. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. దీని గొప్పతనం ఏందంటే ఇది రాతి కట్టడం. చాలా వరకు మనుషుల చేతులతో, నెత్తి మీద తట్టలతో లేచింది. పాలమూరు కూలీలు, తండాల కూలీలు సర్వ కొయ్యల మంచెల మీద ఎక్కుకుంట రాళ్ళు మోసిండ్రు. మా దోస్తు వాళ్ళ దాదీ చెప్తది: "నాకు పెండ్లి కాకముందు తట్ట మోసిన. కింద చూస్తే కండ్లు తిరిగేవి. అందుకే పాట పాడుకుంట పైకే చూసేదాన్ని." ఆ దాదీ మోసిన రాళ్ళ వల్లనే ఎడమ కాల్వ నీళ్ళు హుజూర్‌నగర్, కోదాడ దాకా వచ్చి మెట్ట పొలాలు వరి పొలాలైనయి. కాల్వ చివరి తండాలకు ఆ నీళ్ళు ఎంత అందినయనేది వేరే ముచ్చట.

డ్యాం వెనక నీళ్ళ నడుమ నాగార్జునకొండ ఉంది, పడవలో పోవాలె. మ్యూజియంకు శుక్రవారం సెలవు, అది చూసుకొని బయలెల్లండి. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1926లో ఈ శిథిలాలు బయటపడ్డయి. డ్యాం కడితే లోయ మునుగుతదని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీద, అనుపులో మళ్ళీ నిలబెట్టింది. ఎడమ గట్టున 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది, 2022 మేలో తెరిచిండ్రు.

మ్యూజియంలో శాసనాలు ఊరికే దాటిపోకండి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. అక్కడి మహాచైత్యం కట్టించింది చాంతిసిరి, రాజు చెల్లెలు. ఆమె సంగతి సరే, రాజకుటుంబం మనిషి. కానీ బోధిసిరి అనే ఇంకొక ఆమె ఉంది. ఆమె రాణి కాదు, ఉపాసిక. తను చేసిన దానాలను, తన చుట్టాల పేర్లను వరుసగ చెక్కించింది. 1,700 ఏండ్లైనా ఆమె ఎవరో మనకు తెలుసు. ఎందుకు? రాయించుకుంది కాబట్టి. మన దాదీ తట్ట మోసి 60 ఏండ్లే అయింది, ఆమె పేరు ఆమె మనవడికి తప్ప ఎవరికీ తెలువది.

అయితే ఏం చేద్దాం?

లోయ మునుగుతదంటే ఆరేండ్లు తవ్వి రాళ్ళను కాపాడిండ్రు. మన తండాల్లో కూడా ఒక లోయ మునుగుతున్నది. 80 దాటినోళ్ళు తండాకు ఎంతమంది మిగిలిండ్రో చూడండి. వాళ్ళు పోతే లదేణి ముచ్చట్లు, సాగర్ పని పాటలు అన్నీ పోతయి. ఎవరో వచ్చి తవ్వరు, ఆ పని మనమే చేయాలె. గోర్ బోలికి సొంత లిపి లేదని ఆగొద్దు, తెలుగు అక్షరాల్లోనే రాద్దాం. చెంచు, ఎరుకల, కోయ దోస్తులు కూడా మీ మాటలో మీరు రాయండి.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చొని ఇవి అడగండి:

1. మన తండా ఈ జాగకు ఎక్కడి నుంచి వచ్చింది? మొదట గుడిసె వేసిన నాయక్ ఎవరు?
2. ఎద్దుల మీద సరుకు మోసిన ముచ్చట మీ తాత ఏమన్న చెప్పిండా?
3. రజాకార్ల కాలంలో, భూమి పోరాటంలో తండా మీద ఏం జరిగింది? (జనగామ దిక్కు ధర్మాపురంలో భూమి కోసం నిలబడి 1950లో ప్రాణమిచ్చిన ఠాను నాయక్ లాంటోళ్ళు మీ తండాలో కూడా ఉండొచ్చు.)
4. సాగర్ పనికి ఎవరెవరు పోయిండ్రు? కూలి ఎంత?
5. తీజ్ బుట్టలు ఏ నీళ్ళలో కలిపేటోళ్ళు? ఆ కుంట ఇప్పుడు ఉందా?
6. మునిగిన ఊళ్ళో, పోయిన భూమిలో మీకు యాదికున్నది ఏంది?

ఫోన్‌లో రికార్డు చేయండి, ముందుగ వాళ్ళను అడిగి. పేరు, తండా, తేదీ చెప్పి మొదలుపెట్టండి. తర్వాత రెండు పేజీలు రాసి గ్రూపులో పెట్టండి. తప్పులున్నా ఫర్వాలేదు, అందరం కలిసి దిద్దుదాం.

తిరిగేటోళ్ళకు చివరగ కొన్ని మాటలు. మొదటి రోజు మేళ్ళచెరువు, పులిచింతల, మట్టపల్లి. రెండో రోజు జాన్‌పహాడ్, వాడపల్లి. సాగర్‌కు ఒక రోజు పూర్తిగ ఉంచుకోండి. అక్కలు, చెల్లెళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. ఎడమ కాల్వలో, డ్యాం కింద ఈతకు దిగొద్దు. కాల్వ పైకి మెల్లగ కనిపిస్తది, లోపల గుంజుతది. గట్టు నున్నగ ఉంటది, పడ్డోడు పట్టుకోనీకి ఏం దొరకదు. ఈత వచ్చినోళ్ళకు కూడా ఇదే మాట.

మీ జిల్లాలో నీళ్ళ ఒడ్డున ఉన్న జాగాల గురించి, అక్కడి మనోళ్ళ గురించి కింద రాయండి. గోదావరి దిక్కు కోయ దోస్తుల పోస్టు కోసం ఎదురుచూస్తుంటం.

జై సేవాలాల్. జోహార్.
– హుజూర్‌నగర్ దిక్కు తండాల హాస్టల్ విద్యార్థులం