షిబ్బోలెతు: రేవులో అడిగిన మాట

ఆంగ్ల వేదాంత గ్రంథములలోను పత్రికలలోను కనబడు "షిబ్బోలెత్" అను మాటకు నేడు రెండు అర్థములు వాడుకలో ఉన్నవి. తనవాడెవడో పరాయివాడెవడో తేల్చు మాట లేక ఆచారము అనునది మొదటిది. ఒక పక్షమువారు ఆలోచింపక వల్లించు పాత నినాదము అనునది రెండవది. అయితే ఈ మాట పుట్టుకచే హెబ్రీ మాట. ధాన్యపు వెన్ను అని దాని అర్థము; నీటి ప్రవాహము అను అర్థము కూడ కలదు.

యెఫ్తా అమ్మోనీయులను జయించినప్పుడు, తమను పిలువలేదని ఎఫ్రాయిమీయులు కలహమునకు వచ్చి ఓడిపోయిరి (న్యాయాధి. 12:1-6). పారిపోవువారిని గుర్తించుటకు గిలాదువారు యొర్దాను రేవులలో నిలిచి ఈ మాట పలుకమనిరి. "సిబ్బోలెతు" అన్నవారు అక్కడనే హతులైరి. ఆ కాలమున ఎఫ్రాయిమీయులలో 42,000 మంది కూలిరి. గిలాదు మనష్షేకు మనుమడు; మనష్షే, ఎఫ్రాయిములు అన్నదమ్ములు. ఒక అక్షరము సొంత రక్తమునే విడదీసినది. వెన్ను అనగా ఏమిటో ఇరువురికిని తెలుసు. పరీక్ష అర్థమునకు కాదు, నోటికి.

గ్రీకు లిపిలో "ష"కు అక్షరము లేదు. కనుక ఒక ప్రాచీన గ్రీకు ప్రతిలో ఈ చోట వెన్ను అను అర్థము గల మాట ఉన్నది. తెలుగులో ష, స రెండును ఉన్నందున మన బైబిలులో ఆ భేదము నిలిచినది. ఆంగ్లములో 17వ శతాబ్దిలో ఇది సామాన్యార్థములో వాడుకకు వచ్చెను. మిల్టన్ 1671లో ప్రచురించిన సమ్సోను కావ్యములో ఈ సంఘటనను ప్రస్తావించెను.

కొన్ని సంవత్సరముల క్రితము బోయినపల్లి మండలములోని ఒక గ్రామ కూడికలో ఒక పెద్దమ్మ "సాంతి" కొరకు ప్రార్థించుచుండగా, మాతో వచ్చిన యువకుడొకడు నవ్వెను. ఆమె అది గమనించి, "సదువు రానిదాన్ని అయ్యగారూ, నోరు తిరుగది" అన్నది. తరువాతి కూడికలో ఆమె ప్రార్థించలేదు. మేమును ఆ దినమున యువకుని వారింపలేదు.

నిజమునకు ఆమె పలికినది తెలుగు నడచిన బాటయే. సంస్కృత "శ" తెలుగు నోట "స" అగుట పాత సంగతి. శిఖ సిగ అయినది, దిశ దెస అయినది, ఆకాశము ఆకసము అయినది. సిగ, దెస అని కావ్యములో చదివి మెచ్చుకొను మనము, సాంతి అని ప్రార్థనలో విని నవ్వుచున్నాము.

వేదాంత విద్యార్థి అక్షరములను శుద్ధముగా నేర్చుకొనవలసినదే; వాక్యము చదువువానికి అది బాధ్యత. కాని ఆ శుద్ధతను ఇతరుల విశ్వాసమునకు కొలతగా పెట్టినచో మనమును రేవులో నిలిచినవారమగుదుము. పేతురును ప్రధానయాజకుని ముంగిట అతని పలుకే పట్టియిచ్చినది (మత్తయి 26:73). పెంతెకొస్తు దినమున ఆ గలిలయ నోటినే దేవుడు వాడుకొనెను. ఆ పెద్దమ్మ మరల ప్రార్థించుటకు లేచునట్లు చేయుట కాపరి పని.