విప్పుటకు ముందు వినుట

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిమీద గౌరారమువద్ద పక్కత్రోవ పట్టినచో వర్గల్ చేరుదుము. శంభునిగుట్టపై నెలకొనిన విద్యాసరస్వతీ దేవాలయమునకు బిడ్డల అక్షరాభ్యాసమునకై వచ్చు తలిదండ్రులవలన ఈ గ్రామనామము నేడు తెలంగాణమంతట వినబడుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీవరకు మెదకు జిల్లాలోనుండి, ఆ దినమున నూతనముగా నేర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ ప్రాంతపు జీవనమును తీర్చినది రహదారి. మన్మాడునకు పోవు ఇనుపదారి 20వ శతాబ్ది ఆరంభమునాటికే మేడ్చలు, మనోహరాబాదుల మీదుగా ఉత్తరమునకు సాగిపోయినను, దానికి తూర్పుననున్న గజ్వేలునకు గాని సిద్దిపేటకు గాని రైలు రాలేదు. మనోహరాబాదు–కొత్తపల్లి మార్గమునకు 2016 ఆగస్టు 7వ తేదీన శంకుస్థాపన జరిగి, సిద్దిపేటనుండి సికింద్రాబాదునకు ప్రయాణికుల రైలు 2023 అక్టోబరు 3వ తేదీన కదలువరకు, ఈ నేలపై పండిన ప్రతి ధాన్యపుబస్తాయు, ప్రతి కూరగాయల గంపయు మొదట ఎడ్లబండిమీదను, పిమ్మట మోటారుబండిమీదను పట్టణము చేరవలసినదే. ఇట్టి సీమలో మోటారు మరమ్మతు సేద్యమునకు ఒక అంగమైనదనుట అతిశయోక్తి కాదు.

ఆ మరమ్మతు విద్యలో ఒక చిన్న భాగమును, అనగా ఇంజనును విప్పకయే దాని టైమింగు గొలుసు స్థితిని నిర్ణయించు నేర్పును గూర్చి వ్రాయుట నా యుద్దేశము. అది పనివాని అదృష్టమువలన తగిలిన ఊహ కాదనియు, కారణకార్యవిచారముపై నిలిచిన శాస్త్రమేయనియు, గ్రంథములకెక్కనంతమాత్రమున దానిని తక్కువజేయరాదనియు నా దృఢవిశ్వాసము.

పిస్టనులచే తిరుగు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు, వాల్వులను తెరచు క్యాంషాఫ్టు ఒక్క చుట్టు తిరుగవలెను. పిస్టను పైకెగయు క్షణమున ఏ వాల్వు మూసికొనవలెనో, దిగు క్షణమున ఏది తెరచుకొనవలెనో ఆ పొందికయంతయు ఈ రెండింటి సంబంధముపై ఆధారపడియున్నది. ఈ సంబంధమును నిలుపుటకు కొందరు నిర్మాతలు పళ్ళచక్రములను, కొందరు గొలుసును, 1960 తరువాత మరికొందరు రబ్బరు బెల్టును ఎన్నుకొనిరి. మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ 1880లో బుష్ రోలరు గొలుసునకు పేటెంటు పొందిన పిదప, సైకిలునకును కార్ఖానా యంత్రములకును ఉపయోగపడిన గొలుసే క్రమముగా మోటారు ఇంజను గర్భములో ప్రవేశించినది. పళ్ళచక్రములకన్న అది నిశ్శబ్దముగా నడచును. అయితే గొలుసులోని ఒక్కొక్క పిన్ను వెంట్రుకవాసి అరిగినను, ఆ అరుగుదలలన్నియు కూడి గొలుసు పొడవు పెరుగును. పొడవు పెరిగినకొలది క్యాంషాఫ్టు క్రాంకుకంటె వెనుకబడును. వాల్వులు ఆలస్యముగా తెరచుకొని ఆలస్యముగా మూసికొనును. అప్పుడు బండి స్టార్టగుటకు మొరాయించును, తక్కువ వేగమున బరువు లాగలేదు. ఉపేక్షించినచో గొలుసు ఒక పన్ను దాటి దూకి, వాల్వునకు పిస్టను తగులుట సంభవించును.

హైదరాబాదు రాజ్యమున మోటారు పనికి వ్యవస్థితమైన పాఠశాలగా నిలిచినది రోడ్డు రవాణా శాఖ. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వే అంగముగా, 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ఆ శాఖ ఆరంభమైనది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బండ్లు నాటి రోడ్లపై తిరిగినవి. 1942లో వెలసిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము బస్సులకు బాడీలు కట్టినది. ప్రభుత్వ వర్కుషాపులతోపాటు నగరపు గల్లీలలో స్వంతముగా పనిచేయు ఉస్తాదులును పెరిగిరి. వారియొద్ద చేరిన బాలురు మొదట కిరసనాయిలులో సామానులు కడుగుచు, పానాలందించుచు, సంవత్సరములకొలది చూచుచు వినుచు నేర్చుకొనెడివారు. ఆ విద్యలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పదములు కలగలిసిపోయినవి. నేటికిని తెలంగాణపు షెడ్డులో పానా (స్పానరు), పేచ్‌కస్ (స్క్రూడ్రైవరు) అనునవే నడచుచున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ విద్యకు పదునుపెట్టినది. విదేశములనుండి విడిభాగములు వచ్చుట దుర్లభమాయెను. పెట్రోలు కరవై బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించి నడుపవలసివచ్చెను. ఇంజను విప్పుట నాడు సులభమైన నిర్ణయము కాదు. విప్పినపుడు చినిగిన గాస్కెట్టునకు బదులు దొరకునో లేదో యను భయము ప్రతి పనివానికిని కలదు. కావుననే తెలిసికొనిన పిదపగాని విప్పరాదను నియమము బలపడినది. పేదరికమువలన పుట్టిన నియమమైనను అది గొప్ప నియమము. శస్త్రవైద్యులు ఎన్నో పరీక్షలు చేసిన పిదపగాని కత్తి పట్టకుండుట యెట్టిదో ఇదియు నట్టిదే.

యుద్ధము ముగిసిన తరువాత సైన్యము వదలుకొనిన బండ్లు దేశమంతట వేలములో అమ్ముడుపోయినవి. వానిలో మన ప్రస్తావనకు ముఖ్యమైనవి రెండు: విల్లీస్ జీపు, డాడ్జి ముప్పాతిక టన్ను ట్రక్కు. వెనుక తెరచిన తొట్టితో నుండు ఈ రెండవ బండియే నేటి పికప్పునకు పూర్వజమని నేను తలతును. డాడ్జి ఆరు సిలిండర్ల ఇంజనులోను, యుద్ధకాలపు జీపు నాలుగు సిలిండర్ల ఇంజనులోను క్యాంషాఫ్టును త్రిప్పునది గొలుసే. యుద్ధానంతరము పౌరులకై చేసిన జీపులలో కొలది కాలమునకే గొలుసు స్థానమున పళ్ళచక్రములు వచ్చినవి గనుక, ఒకే రూపముగల రెండు జీపులు వర్కుషాపునకు వచ్చినచో ఏది గొలుసుబండియో ఏది చక్రపుబండియో చెవితోనే గుర్తింపవలసివచ్చెడిది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాదు రాజ్యమున జీపు పరిపాలనకు చిహ్నమైనది. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజాభివృద్ధి పథకముతో అది బ్లాకు కార్యాలయములకును చేరి, మట్టిబాటలపై పల్లెలకు వచ్చినది.

ఈ పెట్రోలు ఇంజనులకు ఆనాటి మెకానిక్కులు చేయు గొలుసు పరీక్షను కొంత వివరముగా చెప్పుట అవసరము, ఏలయనగా ఇంతటి సొగసైన పరీక్ష మోటారు విద్యలో అరుదు. మొదట ప్లగ్గులన్నియు విప్పుదురు. అప్పుడు సిలిండరులోని గాలి ఎదురుతిరుగక క్రాంకు చేతికి లొంగును. పిదప డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి రోటరు కంటికి కనబడునట్లు చేయుదురు. ఆ రోటరు క్యాంషాఫ్టుచే తిరుగును. క్యాంషాఫ్టు గొలుసుచే తిరుగును. గొలుసు క్రాంకుచే తిరుగును. హ్యాండిలుతో క్రాంకును దాని సహజమైన దిశలో మెల్లగా త్రిప్పి, గొలుసులోని వదులంతయు ఒకవైపునకు చేరిన పిదప ఆపి, ముందరి పుల్లీమీద సుద్దతో గీత గీయుదురు. వెనుకకు త్రిప్పుటకు హ్యాండిలు పట్టదు గావున, బెల్టును బిగబట్టి ఫ్యానునే చేతితో ఎదురుదిశకు లాగుదురు. ఒకడు పుల్లీపై గీతను చూచుచుండగా, ఇంకొకడు రోటరును చూచుచుండును. గీత కదలుచున్నను రోటరు కదలకుండు ఆ నిశ్చలమైన కొలది డిగ్రీల యెడమే గొలుసులోని వదులు. అయిదారు డిగ్రీలు దాటినచో అనుమానము, పదికి చేరినచో నిశ్చయము. అనుభవజ్ఞుడైన ఉస్తాదు ఇంకొక జాగ్రత్తయు తీసికొనెడివాడు: రోటరును వ్రేళ్ళతో పట్టి అటునిటు కదిపి, డిస్ట్రిబ్యూటరును త్రిప్పు చిన్నచక్రములలోని వదులెంతయో ముందుగా తెలిసికొని, దానిని లెక్కలోనుండి తీసివేసెడివాడు. గొలుసు కవరు విప్పలేదు, ఏ గాస్కెట్టు చినుగలేదు. వ్యయమైనది కొంచెము సుద్ద.

డీజిలు బండ్లు వచ్చుటతో కథ మారినది. 1954లో జంషెడ్‌పూరులో టాటా–మెర్సిడెజ్ బెంజ్ లారీల నిర్మాణము మొదలయ్యెను. ఆ వర్గపు పెద్ద ఇంజనులలో బహుధా పళ్ళచక్రములే గలవు. గొలుసు విద్య అంబాసిడరు కారు మరమ్మతు చేయువారియొద్ద మిగిలినది. జహీరాబాదులో 1980వ దశకమున ఆల్విన్ నిస్సాన్ పేరిట తేలికపాటి లారీల కర్మాగారము స్థాపితమై, పిదప మహీంద్రావారి చేతికి వచ్చినది. నాడు వర్గలును జహీరాబాదును ఒకే మెదకు జిల్లాలోనివి. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చి చిన్న సరుకుబండి యుగమును తెచ్చినవి. గొలుసు మరల ముందునకు వచ్చినది ఆధునిక డీజిలు ఇంజనులతో. 2008లో మహీంద్రా స్కార్పియోకు అమర్చిన ఎంహాక్ ఇంజను అట్టిదే. ఈ గొలుసు పూర్వపు గొలుసువంటిది కాదు. ఇంజను ఆయిలు ఒత్తిడితో పనిచేయు టెన్షనరు దానిని ఎల్లప్పుడు బిగించియుంచును, ప్లాస్టిక్కు గైడులు దానికి దారి చూపును. ఆయిలు సకాలమున మార్చనిచో డీజిలు మసి దానిలో పేరుకొని, పిన్నులను అరగదీసి, టెన్షనరును మందగింపజేయును. పొలమునకు నీరు, ఈ గొలుసునకు ఆయిలు సమయమునకు అందవలెనని రైతులైన బండియజమానులకు వేరుగ చెప్పనక్కరలేదు.

వర్గల్ పరిసరముల కూరగాయలు ఒంటిమామిడి మార్కెట్టునకును, బోయినపల్లి మార్కెట్టునకును పికప్పులమీద పోవుచున్నవి. పొరుగున మర్కూకువద్ద కొండపోచమ్మ సాగరము 2020 మే 29న ప్రారంభమైన పిదప ఈ సీమకు నీటి ఆశ హెచ్చినది. మార్కెట్టు తెల్లవారుజాముననే మొదలగును గనుక బండిని చలివేళ, రాత్రియంతయు నిలిచియున్న స్థితిలో స్టార్టు చేయవలెను. గొలుసు దోషము మొట్టమొదట బయటపడు సమయమదియే. ఆయిలు క్రిందికి జారి టెన్షనరు ఖాళీపడియుండుటచే, స్టార్టయిన వెంటనే ఇంజను ముందుభాగమున గలగలమను చప్పుడు పుట్టి, ఆయిలు ఒత్తిడి వచ్చినంతనే అణగిపోవును. రెండుమూడు క్షణములలో పోవు చప్పుడును డ్రైవరు లెక్కచేయడు. మధ్యాహ్నము షెడ్డునకు వచ్చిన బండి మౌనముగా నుండును. కావున తెలిసిన మెకానిక్కు బండిని రాత్రికి తనయొద్ద వదలిపొమ్మని, ఉదయము తానే స్వయముగా స్టార్టు చేయును. ఈ ఓపికను నేను మిక్కిలి గౌరవింతును.

ముందుభాగపు చప్పుడంతయు గొలుసుది కాదు. ఆల్టర్నేటరు బేరింగు, వాటరుపంపు బేరింగు కూడ అచ్చటనే గలవు. ఫ్యాను బెల్టును తీసి కొలది క్షణములు మాత్రము ఇంజను నడిపినచో, ఆగిన చప్పుడు బయటి సామానుది, ఆగనిది లోపలిది. టప్పెట్ల శబ్దము పైనుండి, ఒక లయతో వచ్చును. గొలుసుది ముందరి కవరునుండి, గీరుకొనుచు వచ్చును. పొడవైన పేచ్‌కస్ కొనను కవరుపై నిలిపి, పిడిని చెవికానించి వినినచో ఈ భేదము స్పష్టమగును. ఆయిలు తీసినపుడు సంపులో ప్లాస్టిక్కు పెళ్ళలు కనబడినచో గైడు విరిగినదనుటకు ఇక సాక్ష్యము వేరుగ వలదు.

నేటి ఇంజనులో డిస్ట్రిబ్యూటరు లేదు, రోటరు లేదు, హ్యాండిలు లేదు. వాటి స్థానమున క్రాంకుకొక సెన్సరు, క్యామునకొక సెన్సరు గలవు. రెండింటి పొందిక తప్పినచో కంప్యూటరు తప్పును నమోదుచేయును. సుద్దగీతతో ఉస్తాదు కొలిచిన యెడమునే ఈ యంత్రమును కొలుచుచున్నది. అయినను సెన్సరు తీగ తెగినను, సెన్సరు చెడినను అట్టి తప్పే తెరపై కనబడవచ్చును. దానినే నమ్మి గొలుసు విప్పినవాడు యజమానిచే అనవసరముగా వ్యయము చేయించినవాడగును. వినుటయు, తెర చూచుటయు, ఆయిలు పరీక్షించుటయు ఒకే మాట చెప్పిన పిదపనే ముందరి కవరు విప్పుట ధర్మము.

విప్పిన తరువాత గొలుసుతోపాటు టెన్షనరును, గైడులను, అరిగిన పళ్ళుగల స్ప్రాకెట్లను కూడ మార్చవలెను. పాత పళ్ళమీద క్రొత్త గొలుసు త్వరగా అరుగును. గుర్తులు కుదిర్చి బిగించిన పిమ్మట స్టార్టరు జోలికి పోక, క్రాంకును పానాతో రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. గొలుసులోని రంగులంకెలు అప్పుడు మరల గుర్తులకెదురుగా రాకపోవచ్చును. అందుకు కలతపడనక్కరలేదు, లంకెల సంఖ్యనుబట్టి అవి ఎన్నియో చుట్ల తరువాతగాని తిరిగి కలియవు. స్ప్రాకెట్ల గుర్తులు మాత్రము తమ స్థానములకు రావలెను. నడుమ ఎచ్చటనైనను చేతికి గట్టి అడ్డు తగిలినచో అచ్చటనే ఆపి, మరల విప్పి చూడవలెను. చేతికి తెలియు ఆ అడ్డు స్టార్టరు మోటారునకు తెలియదు, అది వాల్వును వంచి ముందునకు పోవును.