క్లోమ క్యాన్సర్ శస్త్రచికిత్స: ప్రాణరక్షణ నుంచి జీవన నాణ్యత వరకు

1. పరిచయం

వైద్య చరిత్ర కొత్త ఆవిష్కరణల జాబితా మాత్రమే కాదు. ఒక చికిత్స ‘విజయవంతమైంది’ అనడానికి ఏ కాలంలో దేన్ని కొలమానంగా తీసుకున్నారన్నది కూడా చరిత్రే. క్లోమ క్యాన్సర్ శస్త్రచికిత్స ఇందుకు మంచి ఉదాహరణ.

క్లోమం జీర్ణాశయం వెనుక ఉంటుంది. దాని తల భాగం ఆంత్రమూలం వంపులో ఇమిడి ఉంటుంది. పిత్తనాళం ఆ తల గుండానే సాగుతుంది. అందుకే అక్కడ గడ్డ ఏర్పడితే తరచుగా కామెర్లు వస్తాయి. తలను తొలగించాలంటే ఆంత్రమూలాన్ని, పిత్తనాళం కింది భాగాన్ని, పిత్తాశయాన్ని కూడా తీసివేసి, మిగిలిన భాగాలను చిన్నపేగుతో కలపాలి.

2. తొలి ప్రయత్నాలు

1898లో ఇటలీలో అలెస్సాండ్రో కొడివిల్లా ఇటువంటి శస్త్రచికిత్స చేశాడు. రోగి నెలలోపే మరణించాడు. 1909లో జర్మనీకి చెందిన వాల్టర్ కౌష్ దీన్ని రెండు దశల్లో చేశాడు. ఆ రోగి కొన్ని నెలలు జీవించాడు.

1935లో న్యూయార్క్ వైద్యుడు ఆలెన్ విపుల్ తన సహచరులతో కలిసి మూడు కేసుల వివరాలు ప్రచురించాడు. అతడు కూడా రెండు దశలనే ఎంచుకున్నాడు. కారణం గమనించండి: పిత్తరసం పేగులోకి చేరకపోతే విటమిన్ కె శరీరానికి అందదు, రక్తం సరిగా గడ్డకట్టదు. అందువల్ల ముందు కామెర్లు తగ్గించి, తర్వాత గడ్డను తీసేవారు. విటమిన్ కె చికిత్స అందుబాటులోకి వచ్చాక, 1940లో విపుల్ ఒకే దశలో శస్త్రచికిత్స పూర్తిచేశాడు. నేటికీ దీన్ని ‘విపుల్ ఆపరేషన్’ అంటారు.

3. తొలగించాలా? దారి మళ్లించాలా?

తర్వాతి దశాబ్దాల్లోనూ ఆపరేషన్ మరణాలు ఎక్కువగానే ఉన్నాయి. 1970లో అమెరికన్ శస్త్రవైద్యుడు జార్జ్ క్రైల్ జూనియర్ ఒక సూటి వాదన చేశాడు: గడ్డను తొలగించడం కంటే పిత్తరసానికి దారి మళ్లించే చిన్న ఆపరేషనే రోగికి మేలు. దానివల్ల గడ్డ పోదు. కానీ కామెర్లు, దురద తగ్గుతాయి. మిగిలిన కొద్ది కాలమైనా రోగి ఇంట్లో గడపగలడు. ఈ వాదన అందరికీ నచ్చలేదు. అయినా ‘ఎన్ని రోజులు?’ అనే ప్రశ్న పక్కన ‘ఎలాంటి రోజులు?’ అనే ప్రశ్నను అది నిలబెట్టింది.

4. మారిన పరిస్థితి

1978లో ట్రావెర్సో, లాంగ్‌మైర్ జీర్ణాశయాన్ని పూర్తిగా నిలిపి ఉంచే పద్ధతిని మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. 1993లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన జాన్ కామెరాన్ బృందం వరుసగా 145 విపుల్ ఆపరేషన్లను ఒక్క మరణం లేకుండా చేసినట్లు ప్రకటించింది. ఇవి తరచుగా జరిగే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువని తర్వాతి పరిశీలనలు చూపాయి. అంటే నిపుణుడి చేతితోపాటు ఆసుపత్రి అనుభవం కూడా ముఖ్యం.

గడ్డ ఉన్న చోటును బట్టి ఆపరేషన్ మారుతుంది. తల భాగానికి విపుల్. తోక భాగానికి, సాధారణంగా ప్లీహంతో సహా, ఆ భాగం తొలగింపు. అరుదుగా మొత్తం క్లోమం తొలగింపు. మొత్తం తీసేస్తే రోగి జీవితాంతం ఇన్సులిన్‌పై ఆధారపడాలి.

5. ఆపరేషన్ తర్వాతి జీవితం

బతికినవారికి కొత్త సమస్యలు ఎదురవుతాయి. జీర్ణరసాలు తగ్గి కొవ్వు అరగదు. మలం జిడ్డుగా ఉంటుంది, బరువు తగ్గుతుంది. కొందరికి మధుమేహం వస్తుంది. భోజనంతోపాటు ఎంజైమ్ గుళికలు వేసుకోవడం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం అవసరమవుతాయి.

2000లో హాప్కిన్స్ వైద్యులు ప్రశ్నావళి ద్వారా ఇటువంటివారి జీవన నాణ్యతను కొలిచి, చాలామంది ఆరోగ్యవంతులకు దగ్గరి స్థాయిలోనే ఉన్నారని చెప్పారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఆగి ఆలోచించాలి. జవాబులిచ్చినవారు బతికి ఉన్నవారే. వ్యాధి తిరగబెట్టి మరణించినవారి అనుభవం ఆ అంకెల్లో లేదు. వ్యాధి బయటపడేసరికి ఎక్కువమందికి గడ్డ తొలగించే అవకాశమే ఉండదన్నదీ మరువరాదు.

6. సారాంశం

తొలి తరానికి రోగి ఆపరేషన్ బల్ల మీద నుంచి ప్రాణంతో దిగడమే విజయం. తర్వాత ఎన్నేళ్లు బతికాడన్నది లెక్కకు వచ్చింది. నేడు తిన్నది అరుగుతోందా, పని చేసుకోగలుగుతున్నాడా అన్నవి కూడా చేరాయి. కొత్త కొలమానం పాతదాన్ని తొలగించలేదు, దాని పక్కన చేరింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విపుల్ మొదట రెండు దశల పద్ధతిని ఎందుకు అనుసరించాడు?
2. క్రైల్ వాదనను 1970 నాటి పరిస్థితుల్లోనూ, 1993 తర్వాతి పరిస్థితుల్లోనూ ఉంచి పరిశీలించండి.