సెట్

సెట్: అమర్చడం, స్థిరపరచడం, సమూహం అనే మూల భావాల నుంచి అనేక అర్థాలుగా విస్తరించిన ఆంగ్ల పదం. నామవాచకంగా, క్రియగా, విశేషణంగా వాడతారు. కూర్చోబెట్టడం అనే అర్థమున్న ప్రాచీన ఆంగ్ల క్రియ ‘సెట్టన్’ దీనికి ఒక మూలం. సమూహార్థం ప్రధానంగా ప్రాచీన ఫ్రెంచి ‘సెట్’ ద్వారా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. వేర్వేరు మూలాల పదాలు ఒకే రూపంలో కలిసిపోవడం ఇంతటి అర్థ విస్తృతికి ఒక కారణం. వర్తమాన, భూతకాలాల్లో క్రియారూపం మారదు.

సూర్యుడు అస్తమించడం, సిమెంటు గట్టిపడటం, గడియారంలో అలారం పెట్టడం, విరిగిన ఎముకను సరిచేయడం, అచ్చు అక్షరాలు కూర్చడం అన్నింటికీ ఇదే క్రియ. టెన్నిస్‌లో 2 గేమ్‌ల ఆధిక్యంతో కనీసం 6 గేమ్‌లు గెలిచినవారిది సెట్. 6-6 వద్ద సాధారణంగా టైబ్రేక్ ఆడతారు. గణితంలో సెట్ అంటే సమితి. జార్జ్ కాంటర్ 1874 నాటి పత్రంతో సమితి సిద్ధాంతం మొదలైంది.

తెలుగులో సినిమా సెట్, టీవీ సెట్, సెట్ దోసె వాడుకలో స్థిరపడ్డాయి. ‘సెట్ అయింది’ అంటే కుదిరింది, నప్పింది. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు 1989 ముద్రణలో సుమారు 430 అర్థాలతో అతి పొడవైన ఆరోపం దీనిదే. తర్వాతి సవరణలో ‘రన్’ క్రియ 645 అర్థాలతో దీన్ని మించింది.