గాలికి దారి వదిలిన డబ్బా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ‘చిన్న కంప్యూటర్ క్యాబినెట్ కావాలన్నా, గాలి బాగా ఆడాలి’ అని అడిగి చూడండి. రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లు ఎన్నున్నాయో ముందు చూపిస్తారు. హైటెక్ సిటీ నుంచి అంత దూరం వచ్చిన కుర్రాడికి ఆ లెక్కతో పనిలేదు. కొండాపూర్ అద్దె ఫ్లాట్‌లో టేబుల్ మీద ఓ మూల పట్టాలి, ఇల్లు మారితే సంచిలో పెట్టుకుని పోవాలి, మే నెలలో బయట నలభై దాటినా ఆట మధ్యలో నీరసించకూడదు. ఇవన్నీ ఒకే డబ్బాలో కుదరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు వేడి గొడవే లేదు. దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మొత్తం శక్తి 63.5 వాట్లు. పాతకాలం సీలింగ్ ఫ్యాను తినే కరెంటు కూడా కాదు. ఎస్‌ఎంపీఎస్‌లో తిరిగే ఫ్యానే డబ్బా అంతటికీ సరిపోయేది.

1995లో ఇంటెల్ మదర్‌బోర్డులకూ క్యాబినెట్లకూ ఏటీఎక్స్ అనే కొలతలు తెచ్చింది. అందులో ఓ తమాషా ఉంది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను గాలిని బయటికి తోయకుండా లోపలికి ఊది ప్రాసెసర్ మీదికి పంపాలన్నది మొదటి ఆలోచన. ఆ గాలి ఎస్‌ఎంపీఎస్‌లోంచి వచ్చేసరికే వేడెక్కిపోతుంది మరి! కొద్ది కాలానికే ఫ్యాను దిశ తిప్పేశారు. ఆ తర్వాత ప్రాసెసర్లు ముదిరాయి. 2004 నాటి ప్రెస్కాట్ పెంటియం 4 వంద వాట్లు దాటింది. అదే ఏడాది ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త అమరికను ముందుకు తెచ్చింది: ముందు నుంచి వచ్చిన చల్లగాలి మొట్టమొదట ప్రాసెసర్‌కే తగిలేలా. ఆలోచన బాగుంది గానీ పాత క్యాబినెట్లూ పాత బోర్డులూ అన్నీ పారేయమంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా చల్లటి కోర్ ప్రాసెసర్లు వచ్చేసరికి దాని అవసరమే తీరిపోయింది. 2006లో ఇంటెల్ దాన్ని పక్కన పెట్టింది.

అసలు మలుపు ఇంకో దిక్కు నుంచి వచ్చింది. తైవాన్ కంపెనీ వయా 2001లో మినీ ఐటీఎక్స్ బోర్డు కొలత ప్రకటించింది, 17 సెంటీమీటర్ల చదరం. తమ తక్కువ కరెంటు చిప్పుల కోసం వాళ్లు చేసుకున్న కొలత అది. దాని పక్కన భారీ గ్రాఫిక్స్ కార్డు పెడతారని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు. ఆ తెగింపు చేసింది పెద్ద కంపెనీలు కావు, సరదాకి క్యాబినెట్లు గీసుకునేవాళ్లు. 2013లో ఇద్దరు ఔత్సాహికులు చందాలతో డబ్బు పోగేసి, తైవాన్ లియాన్ లీ ఫ్యాక్టరీలో ఎన్‌కేస్ ఎం1 అనే క్యాబినెట్ చేయించారు: దాని పరిమాణం 12.6 లీటర్లు. ఆ తర్వాత జర్మనీకి చెందిన డేనియల్ హాన్సెన్ డాన్ ఏ4తో ఏడు లీటర్ల చిల్లరకి దించాడు.

డాన్ ఏ4 మూత తీసి చూస్తే కిటుకు తెలుస్తుంది. మధ్యలో ఓ రేకు గోడ. ఇటు మదర్‌బోర్డు, అటు దాని వీపుకి వీపు ఆనించి గ్రాఫిక్స్ కార్డు. రెంటినీ కలుపుతూ రైజర్ అనే పట్టీలాంటి కేబుల్. కార్డు ఫ్యాన్లు నేరుగా పక్క తలుపు చిల్లులకి ఎదురుగా తిరుగుతాయి, గదిలో గాలినే పీల్చుకుంటాయి. పెద్ద టవర్‌లో ముందు ఫ్యాను తోసిన గాలి కార్డు దాకా వచ్చేలోపు సగం దారి తప్పుతుంది. ఇక్కడ ఆ ప్రయాణమే లేదు. చిన్న డబ్బా ఊపిరాడక ఉడికిపోతుందన్న అనుమానానికి జవాబు ఆ చిల్లుల్లోనే ఉంది.

అలాంటి రైజరే ఒక కంపెనీని ఇరుకున పెట్టింది కూడా. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ 2020లో తెచ్చిన హెచ్1 క్యాబినెట్‌లో రైజర్‌ని బిగించే స్క్రూలు షార్ట్ సర్క్యూట్ చేసి మంట రేపే ప్రమాదం ఉందని తేలింది. 2021లో వాటిని వెనక్కి రప్పించారు.

ఈలోగా పెద్ద క్యాబినెట్లకు గాజు పిచ్చి పట్టింది. చాలావాటికి ముందు మొహం గాజుతోనో రేకుతోనో మూసుకుపోయింది. 2017లో స్వీడన్ ఫ్రాక్టల్ కంపెనీ మెషిఫై సీతో జాలీ మొహానికి మళ్లీ గిరాకీ పెంచింది. 2020లో కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 చిన్న డబ్బా, చిల్లుల మొహం అనే ఈ రెండు దారుల్నీ కలిపింది: 18 లీటర్ల పైచిలుకు, 33 సెంటీమీటర్ల కార్డు పడుతుంది, దాని కింద ఫ్యాన్లకు చోటు, చుట్టూ చిల్లులు. దానిలోనే ఎన్‌ఆర్200పీ అనే రకంలో గాజు తలుపూ చిల్లుల తలుపూ రెండూ ఇచ్చారు. హైదరాబాద్‌లో అయితే ఆ గాజుని అట్టపెట్టెలోనే ఉంచేయండి.

ఎందుకంటే ఫ్యాన్లు ఎన్ని పెట్టినా లోపలి వేడి గది వేడికంటే తగ్గదు. పాతిక డిగ్రీల గదిలో 70 చూపే చిప్పు, ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 83 దగ్గరకి పోతుంది. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ ఇంజినీర్లు ఇదే ఊళ్లో చిప్పుల మీద పనిచేస్తారు గానీ, ఆ చిప్పు వేడి మాత్రం మన పడకగదికే. కార్డుల సైజూ, అవి తినే కరెంటూ పెరిగాయి: 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్లు. చివరికి ఎన్‌విడియానే 2024లో చిన్న క్యాబినెట్లలో పట్టే కార్డులకు హద్దు గీసింది: పొడవు 304, వెడల్పు 151, మందం 50 మిల్లీమీటర్లు. కొనేముందు టేపు పట్టుకోవాల్సింది ఈ మూడింటి కోసమే. చిన్న ఎస్‌ఎంపీఎస్‌కి మామూలుదానికంటే ఎక్కువ పెట్టాలన్నది వేరే బాధ.

మిగిలింది దుమ్ము. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు కట్టడాలు ఆగేలా లేవు. సన్నని ఫిల్టర్ దుమ్ముతోపాటు గాలినీ ఆపుతుంది. ఫిల్టర్ లేకపోతే బ్లోయర్‌తో తరచూ ఊదుకోవాలి. అయస్కాంతంతో అంటుకుని, చేత్తో లాగితే ఊడొచ్చి, కుళాయి కింద కడుక్కోగలిగే ఫిల్టరే మనకి నప్పేది. దాన్ని తీయడానికి స్క్రూడ్రైవర్ వెతకాల్సిన క్యాబినెట్‌ని, షాపువాడు ఎంత తగ్గించి ఇస్తానన్నా నేనైతే కొనను.